పరదేశంలో నివాసం, మరో దేశం నుంచి ఆదాయం: వీసా, పన్నుల విషయంలో ఎలా నడుచుకోవాలి

జీతం కావచ్చు, ఫ్రీలాన్స్ రుసుము కావచ్చు, పింఛనో ఇంటి అద్దో డివిడెండ్లో కావచ్చు, డబ్బు ఒక దేశం నుంచి వస్తూ మనిషి మరో దేశంలో ఉంటున్నప్పుడు ఆ వ్యక్తి మీద రెండు ప్రభుత్వాల దృష్టి ఉంటుంది. ఒక్కో ప్రభుత్వంలోనూ రెండు శాఖలు రెండు వేర్వేరు ప్రశ్నలు వేస్తాయి. ఈ వ్యక్తి ఇక్కడ ఎన్నాళ్లు ఉండవచ్చు, ఉన్నన్నాళ్లూ ఏ పని చేయవచ్చు అని వలసల శాఖ చూస్తుంది. ఈ వ్యక్తి మన పన్ను నివాసి (అంటే మన చట్టం ప్రకారం ఇక్కడి నివాసిగా పన్ను కట్టవలసినవాడు) అయ్యాడా, కాకపోయినా ఇక్కడ సంపాదించినది ఏమైనా ఉందా అని పన్నుల శాఖ చూస్తుంది. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబు రెండో ప్రశ్నకు జవాబు కాదు. ఒక శాఖ ఇచ్చిన కాగితంతో రెండో శాఖ పని కూడా తీరిపోయిందనుకోవడం దగ్గరే చిక్కులు మొదలవుతాయి.

ఉదాహరణకు, తాను ఉన్నది పర్యాటక వీసా మీద కాబట్టి ఆ దేశంలో పన్ను బాధ్యత ఉండదని నమ్మేవారున్నారు. పన్ను చట్టాలు సాధారణంగా వీసా రకాన్ని చూడవు, ఉన్న రోజులనూ, ఇంటినీ, కుటుంబాన్నీ, సంపాదన కేంద్రాన్నీ చూస్తాయి. అలాగే జీతం స్వదేశపు బ్యాంకు ఖాతాలోనే పడుతోంది కాబట్టి అది అక్కడి ఆదాయమేనని నమ్మేవారూ ఉన్నారు. చాలా దేశాల చట్టాల ప్రకారం శ్రమకు వచ్చే ఆదాయం పుట్టేది ఆ శ్రమ జరిగిన చోట, అంటే మీరు కూర్చుని పనిచేసిన చోట. డబ్బు ఏ ఖాతాలో పడిందన్నది దాదాపు అప్రస్తుతం. ఈ రెండు అపోహలనూ ముందే తీసేసుకుంటే తక్కిన విషయం అర్థం చేసుకోవడం తేలిక.

మొదట ఆదాయాన్ని విడదీయాలి

వీసా దరఖాస్తు తెరవకముందే ఒక కాగితం మీద మీకు వచ్చే ఆదాయాన్ని రకాలవారీగా రాసుకోండి. ఉద్యోగ జీతం, స్వతంత్రంగా చేసే పనికి రుసుము, సొంత సంస్థ నుంచి తీసుకునే డబ్బు, ప్రైవేటు పింఛను, ప్రభుత్వ సర్వీసుకు వచ్చే పింఛను, స్థిరాస్తి అద్దె, బ్యాంకు వడ్డీ, షేర్ల మీద డివిడెండ్లు, అమ్మకాల లాభాలు: వీటిలో ప్రతిదానికీ వీసా అధికారుల దగ్గర ఒక విలువ, పన్ను ఒప్పందాల్లో ఒక ప్రత్యేక నియమం ఉంటాయి. దేశాల మధ్య కుదిరే ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందాల్లో ఎక్కువ భాగం ఓఈసీడీ (ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం ఏర్పడిన దేశాల సంస్థ) రూపొందించిన నమూనాను గానీ ఐక్యరాజ్య సమితి నమూనాను గానీ అనుసరిస్తాయి. ఓఈసీడీ నమూనా ప్రకారం స్థిరాస్తి మీద వచ్చే అద్దెకు ఆ ఆస్తి ఉన్న దేశం పన్ను వేయవచ్చు. ప్రైవేటు పింఛను మీద హక్కు సాధారణంగా మీరు నివసించే దేశానిది. ప్రభుత్వ సర్వీసు పింఛను మీద హక్కు, కొన్ని మినహాయింపులతో, దాన్ని చెల్లించే ప్రభుత్వానిది. డివిడెండ్ల మీద చెల్లించే దేశం కోసుకోగలిగిన పన్నుకు వ్యక్తుల విషయంలో 15 శాతం, వడ్డీ మీద 10 శాతం అని ఆ నమూనా పరిమితి పెట్టింది. రెండు దేశాల మధ్య నిజంగా సంతకమైన ఒప్పందంలో ఈ అంకెలు మారవచ్చు కాబట్టి మీకు వర్తించే ఒప్పందం మూలపాఠాన్నే చదవాలి. అది ఆయా ప్రభుత్వాల ఆర్థిక శాఖల దగ్గర బహిరంగంగా దొరుకుతుంది, నిడివి పెద్దదేమీ కాదు, మీకు పనికొచ్చే అధికరణాలు నాలుగైదుకు మించవు.

ఏ వీసా మీద ఏ పని

పర్యాటక వీసా మీద ఉంటూ విదేశీ యజమాని కోసం లాప్‌టాప్ మీద పనిచేయవచ్చా అన్న ప్రశ్నకు చాలా దేశాల చట్టాలు ఇన్నాళ్లూ సూటిగా జవాబివ్వలేదు. ఇప్పుడు కొన్ని స్పష్టంగా చెబుతున్నాయి. యునైటెడ్ కింగ్‌డమ్ 2024 జనవరి 31 నుంచి సందర్శకులు తమ విదేశీ ఉద్యోగానికి సంబంధించిన పనిని దూరం నుంచి చేసుకోవచ్చని నియమాల్లో రాసింది, కానీ దేశంలోకి రావడానికి ప్రధాన ఉద్దేశం ఆ పనే కాకూడదు. న్యూజీలాండ్ 2025 జనవరి 27 నుంచి సందర్శక వీసా మీద విదేశీ యజమానికి రిమోట్‌గా పనిచేయడానికి అనుమతించింది, అయితే 90 రోజులు దాటితే పన్ను బాధ్యత గురించి చూసుకోవాలని అదే సందర్భంలో హెచ్చరించింది. ఇలా రాతపూర్వకంగా అనుమతి లేని దేశంలో, ఎవరూ అడగరులే అన్న ధైర్యంతో నెలల తరబడి పనిచేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ప్రవేశం నిరాకరించారన్న నమోదు తర్వాత చేసే ప్రతి దరఖాస్తులోనూ మీరు స్వయంగా చెప్పుకోవలసిన విషయమవుతుంది.

ఐరోపాలోని షెన్‌గెన్ ప్రాంతాన్ని గురించి, అంటే తమలో తాము సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన దేశాల కూటమి గురించి, ప్రత్యేకంగా చెప్పాలి. 2025 జనవరి నుంచి బల్గేరియా, రొమేనియా పూర్తిగా కలవడంతో అందులో 29 దేశాలయ్యాయి. స్వల్పకాలిక సందర్శకులు ఏ 180 రోజుల వ్యవధిలో చూసినా 90 రోజులకు మించి ఆ ప్రాంతంలో ఉండకూడదు. ఆ వ్యవధి క్యాలెండరుతో మొదలై ముగిసేది కాదు, మీరు అక్కడ ఉన్న ప్రతిరోజూ ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి చూడాలి. వచ్చిన రోజూ వెళ్లిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి. ఒక దేశం నుంచి పక్క దేశానికి మారినంత మాత్రాన లెక్క మళ్లీ మొదలు కాదు. 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు ముద్రల స్థానంలో ఎలక్ట్రానిక్ ప్రవేశ నిష్క్రమణ వ్యవస్థ దశలవారీగా అమల్లోకి రావడం మొదలైంది. ముద్ర సరిగా పడలేదన్న వాదనకు ఇక చోటు తక్కువ.

దీర్ఘకాలం ఉండదలచుకున్నవారికి రెండు తరగతుల అనుమతులు కనిపిస్తాయి. పనిచేయకుండా పింఛను, అద్దె, పెట్టుబడుల ఆదాయంతో బతికేవారికి ఉద్దేశించినవి ఒక తరగతి, విదేశీ యజమానికో విదేశీ క్లయింట్లకో దూరం నుంచి పనిచేసేవారికి ఉద్దేశించినవి మరో తరగతి. రెండో తరగతినే డిజిటల్ నోమాడ్ వీసా అని వాడుకలో అంటున్నారు. ఎస్తోనియా 2020 ఆగస్టులో, క్రొయేషియా 2021 జనవరిలో, పోర్చుగల్ 2022 అక్టోబరులో, జపాన్ 2024 మార్చిలో, థాయ్‌లాండ్ 2024 జులైలో తమ తమ పద్ధతుల్లో వీటిని మొదలుపెట్టాయి. షరతులు ఒకదానితో ఒకటి పోలవు. పోర్చుగల్ తన కనీస వేతనానికి నాలుగు రెట్ల నెలసరి ఆదాయం అడుగుతుంది. జపాన్ ఏడాదికి కోటి యెన్ల ఆదాయం అడిగి ఆరు నెలలకే అనుమతి ఇస్తుంది. థాయ్‌లాండ్ నెలసరి ఆదాయానికి బదులు 5 లక్షల బాత్‌ల నిల్వ చూపమంటుంది, ఐదేళ్ల వీసా ఇచ్చి ఒక్కో ప్రవేశానికి 180 రోజులు ఉండనిస్తుంది. స్పెయిన్‌లో రిమోట్ పని వీసా మీద ఉన్న స్వతంత్ర వృత్తిదారు స్థానిక సంస్థలకు పనిచేయవచ్చు గానీ అది మొత్తం పనిలో 20 శాతం మించకూడదు. అదే దేశంలో పని చేయనివారికిచ్చే నివాస వీసా మీద ఏ వృత్తీ చేయకూడదు. తగినంత పొదుపు ఉంది కదా అని ఆ వీసా తీసుకుని లోపల రిమోట్ ఉద్యోగం కొనసాగించేవారు, పునరుద్ధరణ సమయంలో బ్యాంకు ఖాతాలో ప్రతినెలా పడిన జీతానికి వివరణ ఇవ్వలేని స్థితిలో పడతారు. సులభంగా దొరికే వీసా కంటే మీ ఆదాయపు స్వభావానికి సరిపోయే వీసా మేలు.

పత్రాల విషయంలో ఉద్యోగులకన్నా స్వతంత్రంగా పనిచేసేవారికి శ్రమ ఎక్కువ. ఉద్యోగికి ఒప్పందపత్రం, జీతం రసీదులు, విదేశం నుంచి పనిచేయడానికి అభ్యంతరం లేదని యజమాని రాసిచ్చిన లేఖ ఉంటే చాలావరకు సరిపోతుంది. ఆ లేఖలో దేశం పేరు, కాలవ్యవధి, జీతం మొత్తం స్పష్టంగా ఉండాలి. ఫ్రీలాన్సర్ ఆదాయం ఒక నెల ఎక్కువ, మరో నెల తక్కువ కాబట్టి అధికారి సగటు చూస్తాడా, అతి తక్కువ నెలను చూస్తాడా అన్నది కాన్సులేట్‌ను బట్టి మారుతుంది. కనీసం ఆరు నెలలకు, వీలైతే ఏడాదికి, ప్రతి ఇన్‌వాయిస్‌నూ దానికి ఎదురుగా ఖాతాలో పడిన మొత్తంతో జత చేసి పట్టిక తయారుచేసుకుంటే ఆ అనుమానానికి తావుండదు. పోలీసు ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం, డిగ్రీ పట్టాల వంటివాటికి 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదని మరో దేశం అంగీకరించేలా జారీ చేసిన దేశం వేసే ధ్రువీకరణ, అవసరం కావచ్చు. పోలీసు ధ్రువపత్రాలను కొన్ని నెలల లోపు జారీ అయినవైతేనే అంగీకరిస్తారు కాబట్టి వాటిని చివర్లో తెప్పించుకోవడం మంచిది. ఆరోగ్య బీమా చదివేటప్పుడు వీసా అడిగిన కాలమంతటికీ, అడిగిన మొత్తానికీ వర్తిస్తుందో లేదో చూసుకుంటే చాలు.

రోజుల లెక్క, దాని వెనుక ఉన్నవి

183 రోజులన్న అంకె అందరి నోటా వినిపిస్తుంది. దాంట్లో నిజం ఉంది, కానీ అది సగం నిజమే. స్పెయిన్ క్యాలెండరు సంవత్సరంలో 183 రోజులు దాటితే పన్ను నివాసిగా చూస్తుంది, మధ్యలో కొద్దిరోజులు బయటకు వెళ్లివచ్చినా ఆ రోజులను కూడా కలుపుకోగలదు. పోర్చుగల్ 183 రోజులను క్యాలెండరు ఏడాదితో కాకుండా ఏ పన్నెండు నెలల్లోనైనా చూస్తుంది. థాయ్‌లాండ్‌లో ఆ గీత 180 రోజుల దగ్గరే ఉంది. స్విట్జర్లాండ్‌లో పనిచేస్తూ ఉంటే 30 రోజులు, పనిలేకుండా ఉంటే 90 రోజులు చాలు. సైప్రస్ కొన్ని షరతులతో 60 రోజులకే పన్ను నివాసిగా గుర్తించే మార్గం ఇచ్చింది. జర్మనీలో రోజుల లెక్కతో పనిలేకుండానే, మీరు ఎప్పుడైనా వచ్చి ఉండగలిగేలా ఒక ఇల్లు మీ చేతిలో ఉంటే నివాసిగా పరిగణించే అవకాశం ఉంది. యునైటెడ్ కింగ్‌డమ్ 2013 నుంచి అమలు చేస్తున్న చట్టబద్ధ నివాస పరీక్షలో రోజులతో పాటు కుటుంబం, ఇల్లు, పని, గత సంవత్సరాల హాజరు కూడా చూస్తారు. అందువల్ల అక్కడ బంధాలు ఎక్కువగా ఉన్నవారు 183 రోజులకు చాలా ముందే నివాసులు కావచ్చు.

రోజును లెక్కపెట్టే తీరు కూడా దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటిష్ పరీక్షలో సాధారణంగా అర్ధరాత్రి సమయానికి దేశంలో ఉంటేనే ఆ రోజు లెక్క. అమెరికాలో రోజులో కొంతసేపు ఉన్నా ఆ రోజు లెక్కే. అమెరికా వీసా మీద ఉన్నవారికి మరో మెలిక ఉంది: ఆ ఏడాది కనీసం 31 రోజులుండి, ఆ ఏడాది రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, అంతకు ముందటి ఏడాది రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 అయినా పన్ను నివాసి అయిపోతారు. ఏటా నాలుగు నెలలు, అంటే 120 రోజులు, ఉండేవారిని తీసుకుంటే మూడో ఏడాదికి 120, 40, 20 కలిపి 180 అవుతాయి. ఇంకో వారం ఎక్కువుంటే గీత దాటినట్టే. పన్ను సంవత్సరం కూడా అన్నిచోట్లా జనవరిలో మొదలు కాదు. బ్రిటన్‌లో ఏప్రిల్ 6న, భారత్‌లో ఏప్రిల్ 1న మొదలవుతుంది. రెండు దేశాల పన్ను సంవత్సరాలు వేర్వేరుగా ఉన్నప్పుడు ఒకే ఆదాయాన్ని రెండు రకాలుగా ముక్కలు చేసి రెండు రిటర్నుల్లో చూపవలసి వస్తుంది.

కాబట్టి ప్రయాణం మొదలైన నాటి నుంచే ఒక పట్టిక పెట్టుకోండి. తేదీ, ప్రవేశించిన దేశం, వదిలిన దేశం, ప్రయాణ సమయం, ఆధారంగా ఏ టికెట్టు లేదా ఏ ముద్ర ఉందన్న వివరం అందులో ఉండాలి. ఏడాది చివర జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పట్టికను అధికారి నమ్మనక్కర్లేదు. ఏ రోజుకారోజు రాసినదానికి ఆధారాలు తోడైతే దానికి విలువ ఉంటుంది.

పాత దేశం మిమ్మల్ని వదిలిందా

కొత్త దేశంలో నివాసి కావడం గురించి అందరూ ఆలోచిస్తారు. పాత దేశంలో నివాసి కాకుండా పోవడం గురించి ఆలోచించేవారు తక్కువ. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. విమానం ఎక్కడం పన్ను నివాసాన్ని ముగించదు. కెనడాలో జీవిత భాగస్వామి, పిల్లలు, ఇల్లు అక్కడే ఉంటే మీరు ఎన్ని రోజులు బయట ఉన్నా నివాసిగానే పరిగణించవచ్చు. నిజంగా నివాసం వదిలినవారికేమో కొన్ని ఆస్తులను ఆ రోజే అమ్మినట్టుగా భావించి లాభాల మీద పన్ను లెక్కగడతారు. అమెరికా తన పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవారికీ ఎక్కడ ఉన్నా ప్రపంచవ్యాప్త ఆదాయం మీద పన్ను వేస్తుంది. ఏదైనా వరుస పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు విదేశాల్లో ఉంటే, 2025 సంవత్సరానికి 1,30,000 డాలర్ల వరకు సంపాదనను మినహాయించుకోవచ్చు, అయితే మినహాయింపు దక్కాలంటే రిటర్ను దాఖలు చేయాల్సిందే. స్వతంత్రంగా పనిచేసేవారు కట్టవలసిన సామాజిక భద్రత పన్ను ఈ మినహాయింపుతో పోదు. విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే వేరుగా నివేదిక కూడా ఇవ్వాలి.

ఏ దేశంలోనూ ఆరు నెలలుండకుండా తిరుగుతూ ఉంటే ఎక్కడా పన్ను కట్టనక్కర్లేదన్న ప్రచారం ఒకటి ఉంది. దాన్ని నమ్మి ప్రణాళిక వేసుకోకండి. కొత్త నివాసం ఏర్పడిందని చూపలేనివారిని పాత దేశం తన నివాసిగానే కొనసాగించడం సహజం. భారత్ 2020-21 ఆర్థిక సంవత్సరం నుంచి, మరే దేశంలోనూ పన్ను బాధ్యత లేని తన పౌరుడికి విదేశీ ఆదాయాన్ని మినహాయించిన మొత్తం 15 లక్షల రూపాయలు దాటితే, అతను అక్కడ లేకపోయినా నివాసిగా భావించే నిబంధన తెచ్చింది. అటువంటివారి విదేశీ ఆదాయానికి కొంత రక్షణ ఇచ్చినా, దారి ఎటు పోతోందో ఆ నిబంధన తెలుపుతుంది. ఇక బ్యాంకు ఖాతాల సంగతి. ఓఈసీడీ 2014లో ఆమోదించిన ఉమ్మడి నివేదన ప్రమాణం ప్రకారం 2017 నుంచి వందకు పైగా దేశాలు, ప్రాంతాలు ఖాతాల వివరాలను ఏటా పరస్పరం పంపుకుంటున్నాయి. ఖాతా తెరిచేటప్పుడు మీ పన్ను నివాసం ఏదో, పన్ను గుర్తింపు సంఖ్య ఏదో బ్యాంకు అడిగేది అందుకే. చిరునామా మారినప్పుడు ఆ ప్రకటనను సవరించకపోతే మీ సమాచారం మీరు వదిలేశానంటున్న దేశానికే వెళుతూ ఉంటుంది.

వదిలి వెళ్తున్న దేశంలో చేయవలసినవి ఇవి: నివాస నమోదు ఉండే దేశమైతే దాన్ని రద్దు చేసుకోవడం, నివాసం ముగిసిన తేదీతో పన్ను శాఖకు తెలియజేయడం, ఇంటిని పూర్తిగా అద్దెకిచ్చినా అమ్మినా దానికి ఆధారం దాచుకోవడం, బ్యాంకులకు, బీమా సంస్థలకు, పెట్టుబడి సంస్థలకు మారిన స్థితిని రాసి పంపడం. ఇవన్నీ ఒకే తేదీ చుట్టూ జరిగితే కథనం ఒప్పుకోదగ్గదిగా ఉంటుంది.

రెండు దేశాలూ తమవాడేనంటే

రెండు దేశాల చట్టాలూ ఒకే ఏడాదికి మిమ్మల్ని నివాసిగా చూస్తే, వాటి మధ్య ఒప్పందం ఉంటే, అందులోని నాలుగో అధికరణం వరుసగా కొన్ని ప్రశ్నలు వేస్తుంది. మీకు శాశ్వతంగా అందుబాటులో ఉన్న ఇల్లు ఏ దేశంలో ఉంది? రెండింటిలోనూ ఉంటే వ్యక్తిగత, ఆర్థిక సంబంధాలు ఎక్కడ గాఢంగా ఉన్నాయి? అదీ తేలకపోతే అలవాటుగా ఎక్కడ ఉంటున్నారు? అప్పటికీ తేలకపోతే పౌరసత్వం ఏది? చివరికి రెండు ప్రభుత్వాల అధికారులే మాట్లాడుకుని తేలుస్తారు. మొదటి ప్రశ్న దగ్గర తేలితే తర్వాతివాటికి వెళ్లరు. అందుకే పాత దేశంలోని ఇంటిని ఖాళీగా మీకోసం ఉంచుకున్నారా, దీర్ఘకాలిక ఒప్పందంతో మరొకరికి ఇచ్చేశారా అన్నది ఒక్కోసారి మొత్తం ఫలితాన్ని మార్చేస్తుంది.

నివాసం ఒకచోట తేలాక కూడా ఆదాయం పుట్టిన దేశానికి కొంత హక్కు మిగులుతుంది. అప్పుడు నివాస దేశం ఆ ఆదాయాన్ని మినహాయించడమో, అక్కడ కట్టిన పన్నును తన పన్నులో తగ్గించడమో చేస్తుంది. రెండో పద్ధతిలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మీకు 1,000 డాలర్ల డివిడెండ్ వచ్చిందనుకుందాం. నివాస దేశంలో దానిమీద పన్ను 25 శాతం, ఒప్పందం ప్రకారం చెల్లించే దేశం కోసుకోగలిగింది 15 శాతం. ఆ దేశం 150 కోసుకుంటే మీరు నివాస దేశంలో కట్టవలసింది మిగిలిన 100. కానీ మీరు ఒప్పందపు పత్రాలు ఇవ్వనందువల్ల చెల్లించే సంస్థ 300 కోసుకుందనుకోండి, నివాస దేశం సాధారణంగా ఒప్పందం అనుమతించిన 150కే తగ్గింపు ఇస్తుంది. మిగతా 150 చెల్లించిన దేశపు పన్ను శాఖ నుంచే వాపసు అడగాలి, దానికి గడువులున్నాయి. ఈ ఇబ్బంది రాకుండా ఉండాలంటే మీరు తమ పన్ను నివాసి అని ధ్రువీకరించే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్‌ను నివాస దేశపు పన్ను శాఖ నుంచి తీసుకుని, ఆదాయం అందకముందే చెల్లించేవారికి ఇవ్వాలి. అది జారీ కావడానికి సమయం పడుతుంది కాబట్టి అర్హత వచ్చిన వెంటనే దరఖాస్తు చేయండి.

ఉద్యోగుల జీతానికి సంబంధించి ఒప్పందంలోని పదిహేనో అధికరణంలో మరో 183 రోజుల నియమం ఉంది. దాన్ని నివాస నిర్ణయంతో కలపకూడదు. మీరు ఇంకా పాత దేశపు పన్ను నివాసిగానే ఉండి, పన్నెండు నెలల్లో 183 రోజులు మించకుండా మరో దేశంలో పనిచేసి, జీతాన్ని ఆ దేశానికి చెందని యజమాని ఇచ్చి, దాని భారం ఆ దేశంలోని అతని స్థిర కార్యాలయం మీద పడనప్పుడు మాత్రమే ఆ దేశం జీతం మీద పన్ను వదులుకుంటుంది. ఈ షరతులన్నీ కలిసి ఉండాలి.

యజమానికి చెప్పకుండా వెళ్లకూడదు

ఉద్యోగి ఒక దేశం నుంచి నిత్యం పనిచేస్తే ఆ దేశంలో యజమానికి స్థిర వ్యాపార స్థానం ఏర్పడిందని, కాబట్టి కంపెనీ లాభంలో కొంతభాగం మీద పన్ను కట్టాలని అక్కడి ప్రభుత్వం వాదించవచ్చు. సంస్థ తరఫున ఒప్పందాలు కుదిర్చేవారి విషయంలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. జీతంలోంచి పన్ను కోసి కట్టడానికి యజమాని అక్కడ నమోదు కావలసి రావచ్చు. అలాంటి నమోదు ఇష్టం లేని సంస్థలు ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ అనే మధ్యవర్తి సంస్థ ద్వారా ఉద్యోగిని చూపుతాయి, కానీ అప్పుడు చట్టం దృష్టిలో మీ యజమాని స్థానిక సంస్థే అవుతుంది. విదేశీ యజమాని ఉండాలన్న షరతుతో ఇచ్చిన వీసా మీద ఉంటే ఆ ఏర్పాటు వీసాకే ఎసరు పెడుతుంది.

పన్ను కన్నా బరువుగా పడగలిగింది, అయినా చివరిదాకా ఎవరికీ గుర్తురానిది, సామాజిక భద్రత చందా, అంటే పింఛను వంటి ప్రభుత్వ పథకాల కోసం కట్టే సొమ్ము. పన్ను ఒప్పందాలు దానికి వర్తించవు. దానికి వేరే ఒప్పందాలుంటాయి. సాధారణ నియమం ప్రకారం మీరు ఎక్కడ పనిచేస్తారో అక్కడే చందా కట్టాలి. ఐరోపా సమాఖ్యలో ఒక దేశం నుంచి మరో దేశానికి తాత్కాలికంగా వెళ్లిన ఉద్యోగి ఏ1 పత్రంతోనూ, ఇతర ఒప్పంద దేశాల మధ్య కవరేజ్ సర్టిఫికెట్‌తోనూ పాత దేశపు పథకంలోనే కొనసాగవచ్చు. ఒప్పందం లేకపోతే రెండుచోట్లా కట్టే పరిస్థితి రావచ్చు, అలా కట్టిన ఏళ్లు పింఛను లెక్కలో కలవకపోవచ్చు. కొన్ని దేశాలు రిమోట్ పని వీసాకే ఈ పత్రం అడుగుతాయి. యజమాని సహకారం లేకుండా అది రాదు.

మినహాయింపుల మీద ఎంత ఆధారపడవచ్చు

విదేశీ ఆదాయంతో వచ్చేవారికి కొన్ని దేశాలు పన్ను రాయితీ ఇస్తాయి. క్రొయేషియా తన డిజిటల్ నోమాడ్ అనుమతి ఉన్నవారు ఆ రిమోట్ పని మీద సంపాదించినదానికి ఆదాయపు పన్ను వేయదు. స్పెయిన్‌లో అర్హులైనవారు ప్రత్యేక పద్ధతి ఎంచుకుంటే 6 లక్షల యూరోల వరకు పని ఆదాయం మీద 24 శాతం స్థిరమైన రేటు వర్తిస్తుంది, కానీ దానికి నిర్ణీత గడువులో దరఖాస్తు చేయాలి, గడువు దాటితే అవకాశం పోయినట్టే. పనామా, కోస్టారికా, హాంగ్‌కాంగ్ వంటివి తమ నేల మీద పుట్టిన ఆదాయానికే పన్ను వేస్తాయి. ఇక్కడ మళ్లీ మొదటి సంగతి గుర్తుంచుకోవాలి: అక్కడ కూర్చుని చేసిన పనికి వచ్చిన ఆదాయం విదేశీ క్లయింటు ఇచ్చినా స్థానిక ఆదాయంగా పరిగణించే వీలుంది. పింఛనుకూ డివిడెండ్లకూ సురక్షితంగా ఉన్న విధానం జీతానికి అంత సురక్షితం కాకపోవచ్చు.

రాయితీలు శాశ్వతం కావు. పోర్చుగల్‌లో కొత్త నివాసుల కోసం ఏళ్ల తరబడి నడిచిన ప్రత్యేక పద్ధతిని 2024 నుంచి కొత్తవారికి మూసేశారు. థాయ్‌లాండ్‌లో విదేశంలో సంపాదించినదాన్ని మరుసటి ఏడాది తెచ్చుకుంటే పన్ను లేదని ఎంతోకాలం నడిచిన వ్యాఖ్యానం మారి, 2024 జనవరి 1 నుంచి సంపాదించినది నివాసి ఏ ఏడాది తెచ్చుకున్నా పన్ను పరిధిలోకి వచ్చింది. అలాంటిచోట పాత పొదుపు ఒక ఖాతాలో, కొత్త సంపాదన మరో ఖాతాలో వేరుగా ఉంచి, మారే ముందురోజు నిల్వల ప్రతులు దాచుకుంటే ఏ డబ్బు ఎప్పటిదో నిరూపించుకోవచ్చు. కలిసిపోయిన ఖాతాను తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం. ఒక రాయితీ రద్దయినా కూడా ఆ దేశంలో ఉండగలనా అని ముందే లెక్క వేసుకుని, ఉండగలననిపిస్తేనే వెళ్లడం మేలని నేను అంటాను.

సలహాదారు దగ్గరకు వెళ్లేటప్పుడు

ఒకే దేశపు నిపుణుడు సగం చిత్రమే చెప్పగలడు. రెండు దేశాల వ్యవహారం తెలిసినవారు దొరకకపోతే ఇద్దరిని విడివిడిగా సంప్రదించి, ఒకరి రాతపూర్వక అభిప్రాయాన్ని మరొకరికి చూపించండి. వీసా ఏజెంటు పన్ను గురించి ఇచ్చే హామీని ప్రమాణంగా తీసుకోకండి. వెళ్లేముందు ఆదాయ రకాల జాబితా, రోజుల పట్టిక, ఇల్లు, కుటుంబం ఎక్కడున్నాయన్న వివరం, ఉద్యోగ ఒప్పందం, గత రెండేళ్ల రిటర్నులు సిద్ధం చేసుకుంటే అరగంటలో విషయానికి రావచ్చు. అడగవలసినవి సూటిగా అడగండి: ఏ తేదీ నుంచి నేను ఈ దేశపు పన్ను నివాసిని, పాత దేశంలో ఏ తేదీకి ముగుస్తుంది, ముందస్తు వాయిదాలు కట్టాలా, విదేశీ ఆస్తుల ప్రకటన వేరుగా ఇవ్వాలా, ఏ మారకపు రేటు వాడాలి, ఒక్కో పత్రాన్నీ ఎన్నేళ్లు దాచాలి. పన్ను రాకపోయినా ప్రకటన ఇవ్వవలసిన సందర్భాలుంటాయి, ప్రకటన ఇవ్వనందుకు జరిమానా పన్ను కన్నా ఎక్కువ కావచ్చు.

వీసా పునరుద్ధరణకు వెళ్లినప్పుడు చాలా దేశాలు స్థానిక పన్ను రిటర్నును గానీ బకాయి లేదన్న పత్రాన్ని గానీ అడగగలవు. మీరు వలసల శాఖకు చూపిన ఆదాయం, పన్నుల శాఖకు చూపిన ఆదాయం ఆ బల్ల మీద పక్కపక్కన చేరతాయి. అందుచేత వీసా దరఖాస్తులో ఇచ్చిన ప్రతి అంకెనూ, ఆ అంకెకు ఆధారమైన పత్రం నకలునూ మొదటి రోజు నుంచే దాచుకుని, రిటర్ను నింపేటప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకోండి. ఆ దేశం నుంచి కూడా వెళ్లిపోయే రోజు వస్తే, నివాస అనుమతి రద్దు, చివరి రిటర్ను, సామాజిక భద్రత ఖాతా ముగింపు అన్నవి వెళ్లకముందే పూర్తిచేసి, రసీదులను తర్వాతి దేశానికి వెంట తీసుకెళ్లండి. అక్కడి అధికారులు మొదట అడిగేది కూడా ఇంతకుముందు మీరు ఎక్కడ పన్ను నివాసిగా ఉన్నారు, అది ఏ తేదీన ముగిసింది అనే.